అప్పాయమ్మ గారి కాపలా

నేను నర్సునని మీకు తెలుసు. నాకు ధ్యాస నిలవనివ్వని ఏడీహెచ్‌డీ ఉందని మాత్రం నాకే ముప్పై నాలుగేళ్లకు తెలిసింది. మందులిచ్చేటప్పుడు ఎవరైనా పలకరిస్తే చాలు, ఎక్కడున్నానో మర్చిపోయి మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి. సిగ్గుపడి వార్డులో ఎవరికీ చెప్పలేదు.

ఈ రోజు ఉదయం మా నర్సీపట్నం ఆసుపత్రిలో, షుగర్ పెరిగి కోటవురట్ల నుంచి వచ్చి చేరిన అప్పాయమ్మ గారికి సిరంజిలోకి ఇన్సులిన్ తీస్తుంటే మూడుసార్లు ఎవరో ఒకరు పిలిచారు. ఇక ఉండబట్టలేక ఆవిడకే చెప్పేశాను.

"అమ్మా, మధ్యలో మాట్లాడిస్తే నా బుర్ర చెదిరిపోతుంది. డోసు తప్పితే మీకే ప్రమాదం."

ఆవిడ లేచి కూర్చుని చుట్టుపక్కల వాళ్లందరినీ కసిరారు. సరిగ్గా అప్పుడే మా పెద్ద డాక్టరు గారు వచ్చి "సిస్టర్" అన్నారు.

"ఉండు బాబూ! పిల్ల మందు కొలుత్తంది, అగుపడ్నేదా?"

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. డాక్టరు గారు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇంజెక్షన్ అయ్యాక నన్ను కాదు, ఆవిడనే అడిగారు.

"ఇప్పుడు మాట్లాడొచ్చా అమ్మా?"

"బేగి సెప్పేసి ఎల్లు. ఇంకా పదిమందికి మందులియ్యాల."

ఇన్నేళ్లు దాచుకున్నందుకు నామీద నాకే నవ్వొచ్చింది. రేపు ఆవిడ డిశ్చార్జ్. ఇంకో వారం వార్డులో ఉంచే ఉపాయం ఎవరికైనా తోస్తే కామెంట్లో చెప్పండి.