కండె మార్చే నిమిషం

సోమలింగం పడిపోయింది రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య మలుపులో. జూలై నెల, పొద్దున ఆరున్నర, చేతిలో రెండు పాల ప్యాకెట్లు. మెట్లు తడిగా లేవు. కాలికి ఏమీ అడ్డం రాలేదు. పైకెత్తిన కాలు మెట్టు అంచుదాకా వెళ్ళలేదు, అంతే. ఒక ప్యాకెట్ పగిలి పాలు కింది అంతస్తుదాకా కారాయి. ఎముక ఏదీ విరగలేదు కానీ, అతన్ని లేపడానికి ఎదురింటి ఒడియా అతనూ, కొడుకు శివకృష్ణా చెరో చంక పట్టుకోవలసి వచ్చింది.

ఆ తరువాత నెల రోజులు అతను మెట్ల జోలికి పోలేదు.

అతనికి డెబ్బై ఏళ్ళు. సిరిసిల్ల దగ్గరి ఊరినుంచి పంతొమ్మిదో ఏట సూరత్ వచ్చాడు. మొదట సలాబత్‌పురాలో, తరువాత గోడాదరా చుట్టుపక్కల కార్ఖానాల్లో నలభై ఆరేళ్ళు సాంచాలు నడిపాడు. పవర్‌లూమ్‌ను అతని వాళ్ళు సాంచా అనే అంటారు. ఒక్కడే ఆరు సాంచాలు చూసుకునేవాడు. రెండు వరసల మధ్య సందులో పన్నెండు గంటలు అటూ ఇటూ నడక. ఎక్కడ పోగు తెగితే అక్కడ ముడి, ఎక్కడ అడ్డపోగు చుట్టిన కండె అయిపోతే అక్కడ కొత్త కండె. షిఫ్టు అయ్యాక మాస్టర్ గోడమీది పలకలో ఒక్కొక్కరి పేరు ఎదురుగా సాంచాలు ఎన్నిసార్లు ఊరికే ఆగి నిలబడ్డాయో రాసేవాడు. సోమలింగం పేరు ఎదుటి గడి వారాల తరబడి ఖాళీగా ఉండేది. అతను గొప్పగా చెప్పుకున్నది జీవితంలో అదొక్కటే.

కండెను మోస్తూ అటూ ఇటూ తిరిగే నాడెలు లేని కొత్త యంత్రాలు వచ్చాక పని మానేశాడు. తరువాతి ఐదేళ్ళలో ఒక్కొక్కటే వదులుకుంటూ వచ్చాడు. ముందు కూరగాయల సంచి మోయడం మానాడు. తరువాత మిద్దెమీదికి పోవడం. ఆ తరువాత కింద కూర్చుని తినడం. ఏదీ ఎవరూ పట్టించుకోదగినంత పెద్ద సంగతి కాదు. పాల ప్యాకెట్లు ఒక్కటే మిగిలాయి. ఇప్పుడు అవీ పోయాయి.

శివకృష్ణ రింగ్ రోడ్‌లోని ఒక చీరల హోల్‌సేల్ దుకాణంలో సేల్స్‌మన్. నెమ్మదైన మనిషి. నగరం చివర సచిన్ అనే పేట అవతల కింది అంతస్తులో రెండు గదుల ఇల్లు చూసి వచ్చాడు. గడప దాటితే రోడ్డే, మెట్లు లేవు, వెనక కొంచెం పెరడు కూడా ఉంది. దీపావళి సెలవుల్లో మారిపోదామన్నాడు. అతను చెప్పినదాంట్లో తప్పుపట్టడానికి ఏమీ లేదు. సోమలింగం కూడా పట్టలేదు. కానీ ఆ రాత్రి సరిగా తినలేదు.

కారణం ఏమిటో అతని భార్య పద్మారాణికి తెలుసు. సందు మొదట్లో చాయ్ బండి పక్కన ఒక బెంచీ ఉంది. సాయంత్రం ఐదింటికి పాత సాంచాలవాళ్ళు నలుగురైదుగురు అక్కడ చేరతారు. అందరికీ సాంచాల చప్పుడుకు చెవులు సగం పోయాయి. పెదవులు చూసి మాటలు పట్టుకుంటారు, చేతులతో సగం చెప్తారు. అక్కడ ఎవరూ ఎవరినీ ఏమిటీ, మళ్ళీ చెప్పు అని అడగరు. ఇంట్లో కొడుకూ కోడలూ ఏదైనా మాట్లాడుతుంటే సోమలింగం తల ఊపుతాడే కానీ, సగం అందదు. ముప్ఫై ఏళ్ళుగా గోడాదరాలో ఉన్నాడు. సచిన్ అవతల అతనితో మాట్లాడేవాళ్ళు లేరు.

రెండు రోజులు ఆలోచించి కొడుకును పిలిచాడు.

"దివాళీ దాక ఆగు. ధన్‌తేరస్ నాడు నేనే కిందికి పోత, నేనే పైకొస్త. ఎవ్వరు పట్టుకోవద్దు. నాతోని గాకపోతే సామాన్లు కట్టు. నేనేమన."

శివకృష్ణ కాసేపు తండ్రి కాళ్ళవంక చూశాడు. "పొద్దున ఒక్కపారి, పొద్దుమీకి ఒక్కపారి, బాపూ. రెండు పార్లు ఎక్కాలె."

"రెండు పార్లే."

మరుసటి సోమవారం పద్మారాణి, కొడుకు కలిసి అతన్ని కిందికి దించి దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళారు. డాక్టరు ముందు గుండె, బీపీ పరీక్షలు చేయించి, పరవాలేదన్నాక వెనక గదిలోకి పంపాడు. అక్కడ ఫిజియోథెరపీ చూసే అమ్మాయి పేరు సింధూజ. ఆమె తండ్రి కూడా సాంచాలు నడిపినవాడే. పుట్టిందీ చదివిందీ సూరత్‌లోనే కాబట్టి తెలుగు మాట్లాడుతుంది, రాయడం రాదు. అతని కళ్ళు తన పెదవులమీద ఉన్నాయని ఒక్క నిమిషంలో కనిపెట్టి, ముఖం వెలుతురు వైపు తిప్పుకుని మాట్లాడింది.

చేతులు గుండెమీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమంది. సోమలింగానికి ఇరవై నాలుగు సెకన్లు పట్టింది. నాలుగోసారి చెయ్యి కుర్చీ అంచుమీద పడింది.

గంటల తరబడి నడవక్కరలేదని ఆమె చెప్పింది. మొత్తం పన్నెండు నిమిషాలు, వారానికి మూడు రోజులు. ఇంటిముందు గ్యాలరీలో, పక్కనే పిట్టగోడ ఉండేట్టు, ఒక నిమిషం మోకాళ్ళెత్తి గట్టిగా నడవాలి. ఎంత గట్టిగా అంటే, ఎవరైనా పలకరిస్తే రెండు మాటలకు మించి జవాబు చెప్పలేనంత. తరువాత ఒక నిమిషం మెల్లగా. మళ్ళీ గట్టిగా. అలా ఆరు జతలు. ఛాతీలో నొప్పి వచ్చినా, తల తిరిగినా అక్కడికక్కడ ఆపేయాలి. ఒక అట్ట కార్డుమీద గడులు గీసి, గట్టి నిమిషాలకు 'ఝడపీ' అనీ మెల్లని నిమిషాలకు 'ధీమే' అనీ గుజరాతీలో రాసి ఇచ్చింది. అయిన ప్రతి నిమిషానికీ ఒక గీత పెట్టమంది. కార్ఖానా పలక పుణ్యమా అని సోమలింగానికి గుజరాతీ చదవడం వచ్చు.

మర్నాటినుంచే మొదలుపెట్టాడు. పద్మారాణి గడప దగ్గర కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరిస్తూ ఉంటుంది. మార్కెట్‌నుంచి కట్టలు ఇంటికి తెచ్చి చేసే పని అది. ఆమె ఎదురుగా అతను గ్యాలరీ ఆ చివరినుంచి ఈ చివరికి నడిచేవాడు. ఈ సంగతి బెంచీదాకా పోయింది. అతని ఈడువాడే పరుశురాం ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చి, గ్యాలరీలో నిలబడి చూశాడు.

"ఏందిరా, ఎనుక కుక్క వడ్డదా?" అన్నాడు.

సోమలింగం నవ్వలేదు. నిమిషం పోతుందని చేత్తో సైగ చేసి నడుస్తూనే ఉన్నాడు.

మూడో వారం పోయేసరికి ఎడమ మోకాలు వాచింది. తిరిగి సింధూజ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆమె మళ్ళీ కుర్చీ పరీక్ష పెట్టింది. ఈసారి ఇరవై ఆరు సెకన్లు. ఆమె కార్డు తీసుకుని చూసింది. ప్రతి రోజుకూ 'ఝడపీ' గడిలో పన్నెండు గీతలున్నాయి. 'ధీమే' గడి ఒక్కటీ ముట్టుకోలేదు.

"మెల్లగ నడిసింది ఒక్క నిమిషం గూడ లేదు బిడ్డా," అన్నాడు సోమలింగం. పద్మారాణి కూడా అవునన్నట్టు తల ఊపింది.

సింధూజ వరండాలోకి తీసుకెళ్ళి నడిచి చూపించమంది. అతను నడిచాడు. పక్కనే తనూ నడుస్తూ ఆ పూట ఏం తిన్నావని అడిగింది. జొన్నరొట్టె, తోటకూర, రాత్రి మిగిలిన పప్పు అని, పప్పులో ఉప్పు ఎక్కువైందని కూడా ఆయాసం లేకుండా చెప్పాడు. ఆమెకు విషయం అర్థమైంది. అది గట్టి నడకా కాదు, మెల్లని నడకా కాదు. రెండు వరసల సాంచాల మధ్య నలభై ఆరేళ్ళు నడిచిన నడక. దానికి వేగం లేదు, ఆగడం లేదు. ఆగడమంటే పలకమీదికి ఎక్కడమే కాబట్టి, మెల్లని నిమిషాన్ని కూడా అదే నడకతో నింపేశాడు. దాంతో గట్టి నిమిషానికి మిగిలే బలం లేకపోయింది.

బెంచీమీద కూర్చోబెట్టి, ఆమె అతనికి ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"తాతా, కండె అయిపోతే ఏం జేస్తరు?"

"సాంచా ఆగుతది. కండె మార్చి నడిపిస్త."

"మార్చకుంట నడిపిస్తే?"

"ఎట్ల నడిపిస్తరు? ఖాళీ నాడె అటిటు తిరుగుతది. బట్ట పడది."

"మరి కండె మార్చినంతసేపు మాస్టర్ పలకమీద రాస్తుండెనా?"

"అదెందుకు రాస్తడు? అది పనే గద."

అన్నాక సోమలింగం ఆమె ముఖంలోకి చూశాడు. పద్మారాణి ముందుగా నవ్వింది.

"మీరు పదిహేను, ఇరవై దినాల సంది ఖాళీ నాడె నడిపిస్తున్నరు తాతా," అంది సింధూజ. "మెల్లగ నడిసే నిమిషం కండె మార్చే నిమిషం. అది గూడ పనే."

మోకాలి వాపు తగ్గేదాకా పది రోజులు ఆపించి, తరువాత మూడు జతలతోనే మొదలుపెట్టించింది. ఈసారి నిమిషాలు చూసే పని పద్మారాణిది. ఫోను గడపమీద పెట్టుకుని, నిమిషం నిండగానే కత్తెరతో పళ్ళెంమీద టంగుమని కొట్టేది. ఆ చప్పుడు అతనికి వినబడుతుంది. మొదటి రోజు ఆగడం అతనికి చాలా కష్టమైంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిట్టగోడ పట్టుకుని రెండడుగులు వేసి, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకున్నాడు. కానీ పళ్ళెం మళ్ళీ మోగినప్పుడు కాళ్ళు లేచిన తీరు వేరుగా ఉంది. ఆ నిమిషం చివర పద్మారాణి కావాలనే ఏదో అడిగింది. అతను "ఆఁ" అని మాత్రం అనగలిగాడు.

సెప్టెంబరు నెలాఖరుకు ఆరు జతలకు వచ్చాడు. నడక సులువయ్యాక సింధూజ గ్యాలరీ వదిలి, మిద్దెకు పోయే మెట్లలో మొదటి నాలుగింటిని చూపించింది. గట్టి నిమిషమంతా ఆ నాలుగూ ఎక్కడం, దిగడం. చెయ్యి కమ్మీమీదే ఉండాలి. కుర్చీ పరీక్ష పద్దెనిమిదికి దిగింది. ఇంట్లో ఇంకో మార్పు కూడా వచ్చింది, దాన్ని ఎవరూ కార్డులో రాయలేదు. ఒక మధ్యాహ్నం కోడలు అన్నం కుర్చీ దగ్గరికి తెచ్చేసరికి అతను పద్మారాణి పక్కన నేలమీద కూర్చుని ఉన్నాడు. తిన్నాక ఎలా లేస్తాడోనని ఇద్దరూ చూశారు. ఒక చెయ్యి గోడకు ఆనించి లేచాడు.

దీపావళికి రెండు రోజుల ముందు, ధన్‌తేరస్ రోజు శివకృష్ణ దుకాణానికి ఆలస్యంగా వెళ్తానని చెప్పి ఉండిపోయాడు. పొద్దున దిగడం, ఎక్కడం ఇబ్బంది లేకుండా అయ్యాయి. సాయంత్రం ఐదింటికి దుకాణంనుంచి మళ్ళీ వచ్చాడు, పండుగ సామాన్ల సంచులు రెండు చేతుల్లో. సోమలింగం అప్పటికే తనంతట తాను దిగి, బెంచీమీద పరుశురాం పక్కన కూర్చుని ఉన్నాడు. మూడు నెలల మాటలు ఒక్కసారే చెప్పుకుంటున్నట్టు ఇద్దరి చేతులూ గాలిలో ఆడుతున్నాయి. శివకృష్ణ కాసేపు దూరంగా నిలబడ్డాడు. తండ్రి ఇంట్లో అంత మాట్లాడగా అతను ఎప్పుడూ చూడలేదు.

పైకి వెళ్ళేటప్పుడు కొడుకు మూడు మెట్లు వెనకగా నడిచాడు. మొత్తం యాభై నాలుగు మెట్లు. సోమలింగం పద్దెనిమిది ఒకే ఊపులో ఎక్కి మొదటి అంతస్తు దగ్గర ఆగాడు. వెనక శివకృష్ణ సంచులు కింద పెట్టబోయాడు, చేతులు ఖాళీ చేసుకోవడానికి. సోమలింగం తిరిగి చూడకుండానే తనను పట్టుకోవద్దని చెయ్యి ఊపాడు; కొడుకు సంచులు మోస్తూనే నిలబడ్డాడు. గోడమీద ఎవరో బొగ్గుతో రాసిన ఫోను నంబరు చదువుతూ ఒక నిమిషం నిలబడ్డాడు. మళ్ళీ ఎక్కాడు. రెండో అంతస్తు దగ్గర ఇంకోసారి ఆగాడు. ఆ తరువాతి మలుపులోనే జూలైలో పడింది. అక్కడ ఆగలేదు, కాలు మాత్రం మెట్టుకంటే జానెడు ఎక్కువ ఎత్తి పెట్టాడు. మిగిలిన మెట్లన్నీ ఎక్కి గ్యాలరీలోకి వచ్చాడు.

పద్మారాణి గడపలో నిలబడి ఉంది. శివకృష్ణ సంచులు దింపి, చివరి మెట్టుమీద కూర్చుండిపోయి ఊపిరి పీల్చుకున్నాడు. అతని చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"రెండు పార్లు ఆగినవు బాపూ," అన్నాడు.

"ఆగిన," అన్నాడు సోమలింగం. "నువ్వు సంచులు ఒక్కపారి గూడ దించలే. అందుకే గట్ల కూసున్నవ్."

శివకృష్ణ తల వంచుకుని నవ్వాడు. తరువాత లేచి, గ్యాలరీ చివరికి వెళ్ళి సచిన్ ఇంటాయనకు ఫోన్ చేశాడు. ఇప్పుడు మారడం లేదనీ, ఇంకెవరైనా అడిగితే ఇచ్చుకొమ్మనీ హిందీలో చెప్తున్నాడు. సోమలింగానికి ఆ మాటలు వినబడలేదు. పెదవులు మాత్రం కనిపించాయి. అది చాలింది.

లోపలికి వెళ్ళి గూట్లోంచి కార్డు తీశాడు. ఆ రోజు వ్యాయామం రోజు కాదు, అయినా పద్మారాణిని పెన్ను అడిగాడు. 'ఝడపీ' గడిలో మూడు గీతలు పెట్టాడు. తరువాత 'ధీమే' గడిలో, మరీ శ్రద్ధగా, రెండు గీతలు గీశాడు.