బెల్లం దొర ఏడో రీలు

మా ఆయన చలమయ్య గారు ఆపరేటర్‌గా ఉద్యోగంలో చేరి ఆపరేటర్‌గానే రిటైరయ్యారు. మధ్యలో మారింది మిషన్ ఒక్కటే. మొదట పంతొమ్మిదేళ్ళు విశాఖ వన్‌టౌన్‌లో ఒక సినిమా హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. ఆ హాలు పడగొట్టి కల్యాణ మండపం కట్టాక ఒక ఆసుపత్రిలో లిఫ్ట్ ఆపరేటర్. కొత్త ఉద్యోగం ఎలా ఉందండీ అని నేనడిగితే, “అక్కడ రీళ్ళు ఎక్కించి దించీవోడ్ని, ఇక్కడ మనుషుల్ని. అంతే తాయారూ,” అన్నారు. ఆ ఏడాది మొత్తంలో ఆయన మాట్లాడిన పెద్ద మాట అదే.

నేను గోదావరి జిల్లా పిల్లని. స్టీల్ ప్లాంటు కట్టే రోజుల్లో మా నాన్న పని కోసం దువ్వాడ వస్తే ఆయన వెనకాలే మేమూ వచ్చాం. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ పదిమందిలో అనేది. అలాంటి నేను ఒక్క సంగతి మాత్రం నలభై ఏళ్ళు నానబెట్టాను. అది మా ఆయన చేసిన ఒక పొరపాటు. మా ఆయనకి ఉన్నది ఒకే ఒక్క స్నేహితుడు. ఆ స్నేహం ఆ పొరపాటు మీదే నిలబడింది, బయటపడితే కూలిపోతుందని ఆయన భయం.

1984 వేసవి. హాల్లో ఆదివారం పొద్దుటాటకి పాత ఇంగ్లీషు సినిమాలు వేసేవారు. ఆ ఏడాది వరసగా ఐదు ఆదివారాలు ఒకే దర్శకుడి సినిమాలు వచ్చాయి. బెల్డన్ అని, హాలీవుడ్‌లో ఒక స్టూడియో దగ్గర ముప్ఫై ఏళ్ళు నెలజీతానికి సినిమాలు తీసిన పెద్దమనిషి. అనకాపల్లి వైపు జనానికి ఆ పేరు నోరు తిరక్క ‘బెల్లం దొర’ అన్నారు. ఇక అదే స్థిరపడిపోయింది. పోస్టర్ మీద ఏముందో ఎవరూ చూసేవారు కాదు. గేటు దగ్గరకొచ్చి, “ఈవారం బెల్లం దొరది ఏటి?” అని అడిగేవారట.

ఇంగ్లీషు ఎంతమందికి వచ్చు గనక? నేవీ వాళ్ళు కొందరు, కాలేజీ లెక్చరర్లు కొందరు. మిగిలిందంతా పోర్టు జనం. అయినా అభిప్రాయాలకి మాత్రం కరువు లేదు. ఓడ తాడుకి వేసిన ముడి తప్పని కళాసీలు తగువు పడేవారు. హీరోయిన్ నిద్రలేచినా జుట్టు చెదరదేమిటని ఆడవాళ్ళు మూతి తిప్పుకునేవారు. హాలు ముందు చేపలమ్మే సన్యాసమ్మ, గంప పక్కవాళ్ళకి అప్పజెప్పి, నేల టికెట్టు కొనుక్కుని ఐదుకి ఐదూ చూసింది. ఓడల సినిమా చూసి బయటికొచ్చి, “ఏటి సముద్రం అది? అలకి నురగే నేదు. తొట్లో నీలు పోసి కలిపీసినాడు. దొర సముద్రం సూసినోడు కాడు,” అని తేల్చేసింది. నిజంగానే దొర ఆ సముద్రాన్ని స్టూడియోలో తొట్టి కట్టి తీశాడని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. లెక్చరర్లకి దొరకని గుట్టు చేపలమ్మే ఆవిడకి దొరికింది మరి.

మా ఆయన అభిప్రాయం ఇంకో రకం. దొర ఏ రీలునైనా తలుపు మూసే చోట ముగిస్తాడు, రీలు అవగానే రెండో మిషన్‌కి మారడానికి ఎంత సుఖమో అనేవారు. దొరని అలా మెచ్చుకున్న మనిషి ఈయనొక్కరే అయ్యుంటారు.

పొరపాటు జరిగింది ఆ ఓడల సినిమాలోనే. కథ చిన్నది. ఓడ మీద పనిచేసే భర్త, రేవులో ఎదురుచూసే భార్య. ఏడో రీల్లో ఇద్దరూ జెట్టీ మీద నిలబడి ఉంటారు. గాలికి అతని టోపీ ఎగిరితే ఆమె పట్టుకుని తన తల మీద పెట్టుకుంటుంది, అతను పగలబడి నవ్వి ఓడెక్కుతాడు. ఎనిమిదో రీల్లో అతను మునిగిపోయాడని కబురొస్తుంది. తొమ్మిదో రీల్లో ఆమె ముసలిదై కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. అక్కడితో సరి.

ఆ ఆదివారం పొద్దున్నే మా ఆయన నన్ను చూడ్డానికి దువ్వాడ వచ్చారు. పెళ్ళిచూపులన్నమాట. వంచిన తల ఎత్తకుండా మా అమ్మ పెట్టిన ఉప్మా తిని, ఆటకి టైమైపోతోందని స్టేషన్‌కి పరిగెత్తారు. మనిషి హాలుకి చేరారు గానీ బుర్ర మా ఇంటి వసారాలోనే ఉండిపోయింది. సినిమా రీళ్ళు డబ్బాల్లో వస్తాయి. డబ్బా మీద ఒక నంబరు, లోపల ఫిల్ము మొదట్లో ఒక నంబరు ఉంటాయి. ఎక్కించే ముందు రెండూ సరిచూసుకోవాలి. రోజూ చూసే మనిషి ఆ రోజు చూడలేదు. ఎవరో ఏడో డబ్బాలో ఎనిమిదో రీలు, ఎనిమిదో డబ్బాలో ఏడో రీలు పెట్టి పంపారు. దాంతో తెర మీద భర్త చచ్చిపోయాడు. ఇరవై నిమిషాలాగి అదే భర్త జెట్టీ మీద నిలబడి పగలబడి నవ్వాడు.

ఈలలేస్తారు, కుర్చీలు విరగ్గొడతారు, ఉద్యోగం ఊడుతుంది అనుకున్నారు మా ఆయన. హాల్లో కిక్కురుమన్న చప్పుడు లేదు. ఆట అయ్యాక జనం నిలబడి చప్పట్లు కొట్టారు. పోయినవాణ్ణి ఆమె తలుచుకుంటోందని ఎవరికి వారే అర్థం చేసుకున్నారు. ఇంగ్లీషు రానివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వచ్చినవాళ్ళు ఇది దొర చేసిన గొప్ప ప్రయోగం అన్నారు.

అప్పుడు కేబిన్ మెట్లెక్కి ఒక మనిషి వచ్చాడు. అర్జునరావు, పోర్టులో ఓడ సరుకులెత్తే వించి డ్రైవరు. అంతకు ముందు ముఖపరిచయం కూడా లేదు. ఏడాది కిందటే వాళ్ళన్న రేవులో పడి పోయాడట. వచ్చీ రాగానే మా ఆయన రెండు చేతులూ పట్టుకుని, “ఏటి సినిమా యేసినావు బావా! సచ్చిపోయినోడు ఎక్కడికీ పోడన్నమాట. మా అన్న ఆ జెట్టీ మీదే ఉన్నాడన్నమాట,” అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మా ఆయన నోరు తెరిచారు, మళ్ళీ మూసేశారు.

పెళ్ళయిన వారానికి ఈ సంగతి నాకు చెప్పారు. నా మూలంగానే కదా అని ముందు మురిసిపోయాను, అబద్ధమెందుకు. తర్వాత, ఆ అర్జునరావుకి చెప్పెయ్యండి అన్నాను. రేపు చెప్తానన్నారు. ఆ రేపు వచ్చేసరికి మా ఇద్దరికీ కళ్ళజోళ్ళు వచ్చాయి.

మేం కూర్మన్నపాలెంలో ఇల్లు కట్టుకున్నాక అర్జునరావన్నయ్య ప్రతి ఆదివారం పొద్దున్నే స్కూటర్ మీద వచ్చేవాడు. నేను పెసరట్లు వేసేదాన్ని. ఏ కొత్త సినిమా గురించి మొదలెట్టినా చివరికి బెల్లం దొర దగ్గరకే తెచ్చేవాడు. “ఇప్పుడోల్లు కోట్లు పోసి తీత్తన్నారు గానీ, పోయినోడ్ని ఒక్క రీలుతో బతికించీగలరా బావా?” అనేవాడు. మా ఆయన టీ గ్లాసులోకి చూస్తూ ఊ కొట్టేవారు. ఆ ఆదివారాలు తలుచుకుంటే ఇప్పటికీ నా ప్రాణం లేచొస్తుంది.

రెండేళ్ళ కిందట అన్నయ్య భార్య కామేశ్వరి వదిన పోయింది. పదకొండో రోజున పలకరించడానికి వెళ్తే నన్నే ఓదార్చాడు. “బెల్లం దొర ముందే సెప్పీసినాడు సెల్లెమ్మా. పోయినాక గూడా ఓ రీలుంటాది,” అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని వంట నేర్చుకున్నాడు, ఇంట్లో ఒంటరిగా ఉన్నాడు, పొద్దున్నే లేచి మొక్కలకి నీళ్ళు పోసుకున్నాడు. మా ఆయన గుండెలో రాయి మాత్రం ఇంకా బరువెక్కింది.

ఈ ఏడాది యశస్విని అని, దువ్వాడలో కాలేజీ లెక్చరరమ్మాయి, ఒక ఫిల్మ్ క్లబ్బు పెట్టింది. బెల్డన్ సినిమాలు ఒకప్పుడు వైజాగ్‌లో చూసినవాళ్ళు మీ అభిప్రాయాలు పంపండి అని ఫేస్‌బుక్‌లో అడిగింది. అన్నయ్య ఫోన్లో మైకు నొక్కి తొమ్మిది నిమిషాలు మాట్లాడి పంపాడు. ఆ అమ్మాయి ముచ్చటపడి అంతా రాసి పెట్టింది. దాని కింద ఎవరో సినిమాలు బాగా తెలిసినాయన రాశాడు: ‘ఆ సినిమా నేను మూడుసార్లు చూశాను. చావు తర్వాత భర్త కనిపించనే కనిపించడు. పెద్దాయనకి మతిమరుపు మొదలైనట్టుంది, ఇంట్లోవాళ్ళు చూసుకోండి.’

ఇంట్లోవాళ్ళు చూసుకున్నారు. కొడుకు ఉదయ్‌కుమార్‌కి పరవాడలో ఫార్మా కంపెనీలో పని. మంచివాడే గానీ భయస్తుడు. తండ్రిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు, స్కూటర్ తాళం పట్టుకెళ్ళిపోయాడు, ఇల్లు అద్దెకిచ్చేసి నా దగ్గరకి వచ్చెయ్ నాన్నా అన్నాడు. ఆ ఆదివారం అన్నయ్య ఆటోలో వచ్చాడు. పెసరట్టు ముట్టుకోలేదు.

“డాక్టరు మూడు మాటలు సెప్పి, ఐదు నిమిషాలాగి అడిగినాడు బావా. తాళం అన్నాను, అరటిపండు అన్నాను. మూడోది రానేదు,” అన్నాడు. “అది పోతే పోనీ. ఆ జెట్టీ మీద ఆడు నవ్వడం నాకు కల్లముందే ఉంది. టోపీ కూడా కనిపిత్తంది. అది అసలు నేదంతన్నారు. మరైతే కామేశ్వరి గురించి నాకు గుర్తున్నయ్యన్నీ జరిగినయ్యేనా? ఎవుర్నడగాల నాను?”

మా ఆయన టీ గ్లాసులోకి చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోకి పిలిచాను.

“మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“సెప్తే ఆ సినిమా పోద్ది తాయారూ. ఆడికి ఉన్నది అదొక్కటే.”

“చెప్పకపోతే మనిషే పోతాడు. ఆ తర్వాత సినిమా ఎవరికండీ?”

ఆయన స్టవ్ ఆపి బయటికెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను, మళ్ళీ నోరు మూసుకుంటారేమోనని. ఆయన కుర్చీలో కూర్చోలేదు. అన్నయ్య ఎదురుగా నిలబడి, “నీ బుర్రకి ఏటీ అవలేదు బావా. నువ్వు సూసింది సూసినట్టే సెప్పినావు. రీళ్ళు తారుమారు సేసినోడ్ని నాను,” అన్నారు. డబ్బాల సంగతి, పెళ్ళిచూపుల సంగతి, మొత్తం చెప్పారు. నలభై ఏళ్ళ సంగతికి నాలుగు నిమిషాలు పట్టింది.

అన్నయ్య ముందు నవ్వాడు. అలా నవ్వగా చూసి రెండేళ్ళయింది. “అయితే నాకు మతి పోనేదన్నమాట,” అని, అప్పటికప్పుడు కొడుక్కి ఫోన్ కలిపి మా ఆయన చేత మళ్ళీ మొత్తం చెప్పించాడు. సాయంత్రానికి స్కూటర్ తాళం తిరిగొచ్చిందని తర్వాత తెలిసింది. కానీ చెప్పులేసుకుంటూ గుమ్మం దగ్గర ఆగాడు. ముఖంలో నవ్వు లేదు. “నలభై ఏల్లు, బావా,” అన్నాడు. వీధిలోకి దిగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. మా ఆయన వీధి గేటు దగ్గర పేపరు పట్టుకుని నిలబడి, చదవకుండానే పేజీలు తిప్పేవారు. చెప్పించింది నేనే కదా, నన్ను ఒక్క మాట అనొచ్చు. అనలేదు. అంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

మూడో ఆదివారం ద్వారకానగర్‌లో క్లబ్బు వాళ్ళు ఆ సినిమా వేశారు. యశస్విని మమ్మల్నీ పిలిచింది. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాం. చిన్న హాలు, అరవై కుర్చీలు, ఒక ల్యాప్‌టాప్. కేబిన్ లేదు, డబ్బాలు లేవు. అన్నయ్య ముందు వరసలో ఉన్నాడు, మా వైపు చూడలేదు. ఆనాటి ప్రేక్షకులు కదా, రెండు మాటలు చెప్పండి అని ఆ అమ్మాయి అన్నయ్యకి మైకు ఇచ్చింది.

“మేం సూసినప్పుడు రెండు డబ్బాలు అటూ ఇటూ అయిపోయినాయమ్మా,” అన్నాడు అన్నయ్య. “ఎవుడి తప్పూ కాదు. నా మతి బాగానే ఉంది.”

మైకు ఇచ్చేసి తన కుర్చీలోకి వెళ్ళలేదు. నెమ్మదిగా నడుచుకుంటూ వెనక్కి వచ్చి మా ఆయన పక్కన కూర్చున్నాడు. లైట్లు ఆర్పారు.

సినిమా వరసలోనే నడిచింది. జెట్టీ వచ్చింది, టోపీ ఎగిరింది, అతను నవ్వి ఓడెక్కాడు. అన్నయ్య కదల్లేదు. తర్వాత కబురొచ్చింది. ఆమె నల్లబట్టలు కట్టుకుంది, వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు, చివరాయన తలుపు మూశాడు, ఎనిమిదో రీలు అయిపోయింది.

అన్నయ్యకి అంతా తెలుసు. ఇందాకే తన నోటితో అరవై మందికి చెప్పాడు. అయినా ముందుకి వంగి ముందు కుర్చీ వీపు పట్టుకున్నాడు. తెర మీద కిటికీ కనిపించింది, దాని దగ్గర ముసలమ్మ కూర్చుని ఉంది.

“ఇప్పుడు రావాల కదా, బావా?” అన్నాడు మెల్లగా.

మా ఆయన అతని చేతి మీద చెయ్యి వేశారు.

“ఈయేల కేబిన్లో నాను లేను, బావా.”