లియోన్ పెంచని ఆసులు

లియోన్ డోంబెక్ చేతికి ఆసుల జత వస్తే బల్ల ఖాళీ అయిపోయేది. మొదటి మూడు ముక్కలు పడగానే కుర్చీలో ముందుకు జరిగి, పందెం ఎంత పెంచనిస్తే అంతా పెంచేవాడు. "పదండర్రా, ముసలాడు కొట్టు మూసేస్తున్నాడు" అనేవాడు పక్క కుర్చీలో సాల్. అందరూ గొణుక్కుంటూ ముక్కలు పడేసేవాళ్లు. మధ్యలో ఉన్న నాలుగు పందెం బిళ్లలనూ పేక పంచే మార్వా అతడి వైపు తోసేది. అంత గొప్ప చేయి వచ్చి గెలిచింది కాఫీ ఖర్చు.

అట్లాంటిక్ సిటీ జూదశాలలో చిన్న పందేల బల్ల దగ్గర ఏడు ముక్కల ఆట ఆడేవాళ్లెవరూ ముక్కలు పడేయడానికి రారు. ఫిలడెల్ఫియా నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేది ఆఖరి ముక్క దాకా చూడటానికే. అందరూ ఆఖరిదాకా కూర్చుంటే ఎవడికో ఒకడికి ఏదో ఒకటి కలవక మానదు, అప్పుడు రెండు ఆసులూ వెలవెలబోతాయి. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన. పెద్ద జత పట్టుకున్నవాడు మొదట్లోనే మందిని తరిమేయాలి. ఇంకెవరు పెంచినా ఆ బల్ల మీద నవ్వి కూర్చునేవాళ్లు గానీ, లియోన్ పెంచితే మాత్రం తప్పుకునేవాళ్లు. ఉత్తుత్తి పెంపు అతడి ఇంటా వంటా లేదు మరి.

ఆ తరమడం అతడు ట్రామ్ షెడ్డులో భోజనాల వేళ నేర్చుకున్నాడు. బ్రేకులు బాగుచేసే పని. చేతులకు ఎప్పుడూ గ్రీజు, నోటికి ఎప్పుడూ తాళం. మాటలన్నీ భార్య ఇరేనా చూసుకునేది, ఇరుగుపొరుగుతో, చర్చిలో, టెలిఫోనులో. ఆవిడ పోయాక తెలిసింది, తన తరఫున మాట్లాడటానికి లోకంలో ఇంకెవరూ లేరని. శని ఆదివారాలు జూదశాలలో పందేలు పెరుగుతాయి కాబట్టి వెళ్లేవాడు కాదు. ఆ రెండు రోజులూ అతడి నోట మాట పడేది కాదు. సోమవారం బస్సు డ్రైవరును పలకరించబోతే గొంతు బొంగురుపోయి వచ్చేది. అందుకని ఇంటి గుమ్మం దగ్గరే ఒకసారి దగ్గి, తన పేరు తనే పైకి అని చూసుకునేవాడు.

నిజం చెప్పాలంటే అతడు ఆట కోసం వెళ్లేవాడు కాదు. ఎస్టెల్ ఫాబర్ చేత తిట్లు తినడానికి వెళ్లేవాడు.

ఎస్టెల్ బళ్లో వంటమనిషిగా చేసి మానేసింది. పెద్ద చేతులు, పెద్ద గొంతు, చిన్న చిన్న జతల మీద అంతులేని నమ్మకం. లియోన్ పెంచిన ప్రతిసారీ ముక్కలు విసిరేసి, "డోంబెక్, నీ అంత్యక్రియలకైనా మనుషుల్ని రానిస్తావా, అక్కడా పెంచేస్తావా?" అనేది. అతడు బిళ్లలు పేర్చుకునేవాడు. సాయంత్రం ఇంటికెళ్లి సూప్ వేడిచేసుకుంటూ ఆ మాటకి జవాబు ఆలోచించేవాడు. మర్నాటికి ఆ జవాబు చల్లారిపోయేది.

ఆ చలికాలానికి ఏడు ముక్కల బల్ల ఒక్కటే మిగిలింది. టీవీలో చూసి వచ్చిన కుర్రకారంతా రెండు ముక్కల ఆటకే ఎగబడుతున్నారు. ఆ గురువారం పొద్దున సూపర్‌వైజర్ వచ్చి బల్ల అంచున చేతులానించి నిలబడ్డాడు.

"మీరు ఐదుగురున్నారు కాబట్టి నడుపుతున్నా. ఒక్కరు లేచినా మూసేస్తా. ఇవాళ మూస్తే మళ్లీ తెరిచేది లేదు, రేపట్నుంచి ఇక్కడ ఆ కొత్త ఆట వేస్తారు. తర్వాత నన్నని లాభం లేదు."

"నిన్నెవరంటారు నాయనా, నీ పై వాడినంటాం" అంది ఎస్టెల్.

లియోన్, ఎస్టెల్, సాల్, ఎప్పుడూ నోరు విప్పని ఇద్దరు హంగేరీ అన్నదమ్ములు. అంతే, ఐదుగురు. లియోన్ కళ్లు ఎస్టెల్ బిళ్లల మీదే ఉన్నాయి. ఆవిడకి పొద్దుటి నుంచీ అన్నీ ఎదురుదెబ్బలే. తెచ్చుకున్నది అయిపోతే ఇంకో నోటు తీసే మనిషి కాదు, కోటు తొడుక్కుని బయట సముద్రం ఒడ్డున బెంచీ మీద కూర్చుంటుంది. ఆవిడ లేస్తే బల్ల పోతుంది. బల్ల పోతే తనకి వారమంతా శని ఆదివారాలే.

మధ్యాహ్నం కావస్తుండగా అతడికి బోర్లా పడ్డవి రెండు ఆసులు. పైన కనిపించే ముక్క తొమ్మిది. ఎదురుగా ఎస్టెల్ ముందు ఒక కళావరు ఆరు, పక్కన బిళ్లలు గుప్పెడు.

పెంచాలి. పెంచితే ఆవిడ పడేస్తుంది, ఆ గుప్పెడూ ఇంకో పావుగంట నిలుస్తుంది. ఆ తర్వాత? పెంచకపోతే ఆవిడ ఉంటుంది, ఏదైనా కలిస్తే గెలుస్తుంది, బస్సు వేళ దాకా కదలదు. లియోన్ జీవితంలో మొదటిసారి ఆసుల మీద చేయి పెట్టుకుని పెంచకుండా, అందరితో సమానంగా పందెం కలిపి ఊరుకున్నాడు.

ఆవిడకి ఇంకో కళావరు పడింది. ఆ తర్వాత ఇంకొకటి. లియోన్‌కి రెండో తొమ్మిది వచ్చింది. రెండు జతలు, అయినా పెంచలేదు. సాల్ విసుక్కుని తప్పుకున్నాడు, అన్నదమ్ములూ తప్పుకున్నారు. ఆఖరి ముక్క బోర్లా పడింది. ఎస్టెల్ తన ముక్క చూసుకుని, మిగిలిన బిళ్లలన్నీ అరచేత్తో మధ్యలోకి నెట్టింది. ఆవిడ మొహం వెలిగిపోయింది, దాచుకోవడం ఎన్నడూ చేతకాదు.

లియోన్ తన ముక్క అంచు ఎత్తి చూశాడు. మూడో ఆసు. మూడు ఆసులకి రెండు తొమ్మిదులు తోడైతే ఐదు కళావర్లు కూడా ఓడిపోతాయి. ఇంతమంది దేవుళ్లున్న లోకంలో ఆ నిమిషాన ఒక్కడూ అతడి వైపు లేడు.

పడేయవచ్చు. కానీ రెండు తొమ్మిదులు పైకి కనబడుతుండగా పడేస్తే ఆవిడకి అనుమానం వస్తుంది. పైగా తను కలిపితే ఆవిడకి ఇంకాస్త వస్తుంది కదా! కలిపాడు.

"ఐదు కళావర్లు!" అంది ఎస్టెల్, ముక్కలు తిప్పి పరుస్తూ.

"మంచి చేయి" అన్నాడు లియోన్, ఓడినవాడిలా తన ముక్కలు చూపకుండా బోర్లా మార్వా వైపు జరుపుతూ.

మార్వా డబ్బు ఎస్టెల్ వైపు తోయబోయింది. ఎస్టెల్ కదల్లేదు. ఆవిడ కళ్లు లియోన్ చేతుల మీదున్నాయి. ఊరికే ఆఖరిదాకా కలిపే మనిషి కాదతడు.

"అవి చూపించు."

కలిపిన చేయిని చూపించమని అడిగే హక్కు అందరికీ ఉంది గానీ, ఆ బల్ల మీద ఎవరూ ఆ పని చేయరు. ఓడినవాడి జేబు తడిమినట్టుంటుంది.

"ఎస్టెల్ తల్లీ" అంది మార్వా మెల్లగా. "సాల్ అడిగితే వేరు, ఊరికే చూసి పారేస్తాం. గెలిచిన మనిషివి నువ్వడిగితే ఆ చేయికి ప్రాణం ఉన్నట్టే. నీకంటే పెద్దదైతే డబ్బు అతనికెళ్లిపోద్ది. తెలుసుగా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ తెలుసు. తిప్పు."

"వద్దు మార్వా" అన్నాడు లియోన్. అతడి నుంచి అంత గట్టిగా మాట రావడం వాళ్లెవరూ ఎన్నడూ వినలేదు.

మార్వా తిప్పింది. మూడు ఆసులు, రెండు తొమ్మిదులు. "ఓరి నీ..." అని సాల్ మిగతాది మింగేశాడు. నియమం నియమమే కనుక మార్వా తల వంచుకుని డబ్బంతా లియోన్ ముందుకు తోసింది.

ఎస్టెల్ లేచింది. కోటు చేతుల్లోకి దూర్చుకోవడానికి చాలాసేపు పట్టింది.

"మొదట్నుంచీ ఆసులేనా?"

"ఊఁ."

"ఇన్నేళ్లూ నువ్వు పెంచితే తిట్టుకుంటూ పడేశాను డోంబెక్. తిట్టుకున్నా లోపల గర్వంగానే ఉండేది. నన్ను తరమాలంటే వీడు కూడా పెంచాలి అనుకునేదాన్ని. బళ్లో ఎంతమంది పళ్లాల్లోనో వడ్డించాను నేను. నా చేతిలో పళ్లెం పెట్టినవాడివి నువ్వొక్కడివే."

"నీ మీద జాలితో కాదు ఎస్టెల్" అన్నాడు లియోన్. "నువ్వెళ్లిపోతే నాకింక మాట్లాడేవాళ్లు లేరు. అందుకని."

ఆ మాట ఆవిడని తాకకపోలేదు.

"మాట్లాడాలనుంటే మాట్లాడాల్సింది" అంది. "అంతేగానీ నన్ను గెలిపించడమేంటి?"

ఆవిడ వెళ్లాక సూపర్‌వైజర్ వచ్చి బల్ల మీద ముసుగు పరిచాడు. సాల్ లియోన్ భుజం తట్టబోయి, మానేసి, జూదం మెషీన్ల వైపు పోయాడు.

తిరుగు బస్సు మూడు గంటలకి. లియోన్ ఎక్కేసరికి ఎస్టెల్ ముందు వరసలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. సంచీ పక్క సీట్లో పెట్టుకుంది. బస్సు సగం ఖాళీ. అతడు కమ్మీ పట్టుకుని ఆవిడ పక్కన నిలబడ్డాడు. వెనక ఎక్కేవాళ్లు ఆగిపోయారు. అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి, నోటికి వచ్చింది ఒక్కటే.

"ఇక్కడ ఎవరైనా ఉన్నారా?"

ఎస్టెల్ కిటికీలోంచి మొహం తిప్పలేదు.

"ఉన్నారు" అంది.

లియోన్ సరేనన్నట్టు తలూపి, వెనక వరసల్లోకి నడిచాడు.