పోస్టమ్మ తట్టిన నలభై మూడు గేట్లు

మన వీధిలో ఒక మాట పుట్టిందంటే దానికి కాళ్లే కాదు, కొమ్ములూ మొలుస్తాయి. మొన్న ఆదివారం పరుగుపందెంలో పోస్టమ్మకు మతి చలించిందట, ఇంటింటి గేటూ తట్టి మంచినీళ్లు అడుక్కుందట, చివరికి స్కూటరెక్కించి ఇంటికి చేర్చారట. పొద్దున కుళాయి దగ్గర మొదలైన ఈ కథ సాయంత్రానికి మూడు వీధులు చుట్టి వచ్చింది. గేట్లు తట్టిన మాట నిజం. తక్కినదంతా గాలికబురు. జరిగింది ఇదీ.

పదకొండేళ్లుగా మన వీధులకు ఉత్తరాలు తెచ్చిన మనిషి ఆమె. చలికాలంలో ఊపిరితిత్తులకు నిమ్ము చేరి మంచం పట్టింది. లేచాక ఆమెను పోస్టాఫీసు కిటికీ వెనక కూర్చోబెట్టి ముద్రలు కొట్టే పని ఇచ్చారు. ఆమె బీటు, అంటే రోజూ తిరిగే వీధుల వరస, నాలుగు నెలలుగా ఇంకొకాయన చూస్తున్నాడు.

"సోమవారం పేర్లు రాసేస్తానమ్మా. డాక్టరు సరేనన్నాడు. తిరగగలనంటే బీటు నీది, లేదంటే ఇక శాశ్వతంగా ఆయనది. చెప్పాల్సింది నువ్వే" అన్నాడు పోస్టుమాస్టరు.

ఏం చెప్పాలో ఆమెకే తెలియదు. మెట్లెక్కితే ఆయాసం. మధ్యాహ్నమయ్యేసరికి ఒళ్లు తడిసిన గోనెసంచి. అందుకే వెళ్లి ఊళ్లో పెడుతున్న మూడు రోజుల పోటీలో పేరిచ్చింది. శుక్రవారం ఈత, శనివారం సైకిలు, ఆదివారం పరుగు. దాన్ని ట్రయథ్లాన్ అంటారట. ఆ పేరు పలికేసరికే సగం ఆయాసం వస్తుంది.

"నాలుగు మెట్లకే నిలబడిపోతావు, నీకు మూడు రోజుల పందెమేంటే?" అన్నాడు ఆమె మొగుడు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి.

"గెలవడానికి కాదు. నాలో ఇంకా పస ఉందో లేదో చూసుకోవడానికి."

"నాతో ఇంత వాదిస్తున్నావు, పస లేకపోవడమేంటి!" అంటూనే ఆయన నూనె డబ్బా తీసి ఆమె పాత సైకిలు గొలుసు ముందు కూర్చున్నాడు.

ఈతలో అందరికంటే వెనక తేలింది. తేలింది, అంతే చాలు. సైకిలులో చివరి నుంచి రెండోది. ఆ చివరాయనకు టైరు పంచరైంది. శనివారం ఇంటికొచ్చి బూట్ల తాడు విప్పడానికి వంగిన మనిషి మళ్లీ లేవలేక గడప మీదే కూర్చుండిపోయింది.

"చాల్లే, రెండు రోజులు చేశావుగా. రేపు మానెయ్" అన్నాడు మొగుడు, ఆమె పాదాలను వేణ్నీళ్ల బకెట్లో పెడుతూ.

"సగం జవాబు పట్టుకెళ్లి పోస్టుమాస్టరుకు ఏం చెప్పమంటావు?" అంది.

ఆదివారం ఎనిమిది కిలోమీటర్లు. పదింటిలోపు గీత దాటాలి. అయిదు కిలోమీటర్లు అయ్యేసరికి కాళ్లు ఎవరివో అరువు తెచ్చుకున్నట్టున్నాయి. సరిగ్గా మన వీధి మలుపులో ఆగిపోయి, మోకాళ్ల మీద చేతులు ఆనించింది. వెనకబడ్డవాళ్లను కనిపెట్టుకుని స్కూటరు మీద వచ్చే నర్సు పక్కన ఆపి నాడి చూసింది, నీళ్ల సీసా అందించింది.

"నాడి బాగానే ఉంది. ఒళ్లే అలిసిపోయింది. ఎక్కండక్కా, ఇందులో సిగ్గేముంది?"

"ఇంకెంత దూరం?"

"మూడు కిలోమీటర్లు."

ఆ మాటకే కాళ్లు ఇంకాస్త కుంగాయి. తలెత్తి చూస్తే ఎదురుగా నీలం గేటు. అక్కడికి పద్నాలుగు అడుగులు. అక్కణ్నుంచి దర్జీ గేటుకు తొమ్మిది. అవి ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. పదకొండేళ్లలో ఆమె ఎన్నడూ కిలోమీటర్లు నడిచింది లేదు. ఎప్పుడు నడిచినా ఈ గేటు నుంచి ఆ గేటుకే.

"ఆ గేటుదాకా వెళ్లొస్తానుండమ్మా" అంది నర్సుతో.

వెళ్లింది గానీ వెనక్కి రాలేదు. నీలం గేటు ఉత్తరాల పెట్టెను రెండు వేళ్లతో తట్టి, దర్జీ గేటుకు సాగింది.

"నాకేమైనా ఉత్తరమా?" కిటికీలోంచి కేకేశాడు దర్జీ.

"ఆదివారమండీ బాబూ!"

వంగిపోయిన గేటు, కుక్క ఉన్న గేటు, కుక్క లేకపోయినా బోర్డున్న గేటు. గేటే లేని ఇంటికి గోడ తట్టింది. మొత్తం నలభై మూడు. మంచినీళ్లు ఎవరినీ అడగలేదు. స్కూటరు వెనకే వచ్చిన మాట నిజమే, వెనక సీటు ఖాళీగా. వీధి అయిపోయాక పెద్ద రోడ్డులో కరెంటు స్తంభాలనే గేట్లనుకుంది. పదికి నాలుగు నిమిషాలుండగా, అందరికంటే చివర, గీత దాటింది. అప్పటికే కుర్చీలు సర్దేస్తున్నారు. చప్పట్లు కొట్టింది మొగుడొక్కడే గానీ, పదిమంది పెట్టు కొట్టాడు.

అయినా వీధి నోరు ఊరుకుంటుందా? ఏదైనా అడిగి తెలుసుకోనిదే నిద్రపట్టని మూలింటి పెద్దమ్మ ఆ సాయంత్రమే ఆమె గుమ్మమెక్కింది. పోస్టమ్మ కాళ్లు బారజాపి మంచం మీద ఉంది.

"ఊరంతా నీకు మతిపోయిందంటున్నారే. సూటిగా అడుగుతున్నా, సూటిగా చెప్పు. ఆ గేట్లన్నీ ఎందుకు తట్టావు?"

పోస్టమ్మ నవ్వింది.

"నాలుగు నెలలైంది కదా పెద్దమ్మా, ఎవరి గేటు ఎలా ఉందో చూసుకున్నా. మీ గేటు గడియ వదులైంది. మంగళవారం నేను ఉత్తరాలతో వచ్చేసరికి బిగించి పెట్టించండి."