టైరు లోపలి ముక్క

మావారి బండి మా వరండాలో గోడకి ఆనించి ఉండేది. ముందు టైరు చిరిగి వేలాడుతూ, హ్యాండిలు ఒక పక్కకి తిరిగిపోయి. పోలీస్ స్టేషన్ నుంచి మా తమ్ముడు ట్రాలీ ఆటోలో తెచ్చి అక్కడ పెట్టాడు. భర్త పోయిన ఆడది మాలో నాలుగు నెలల పైచిలుకు గడప దాటకూడదు, ఇద్దత్ అంటారు. ఆ నెలలన్నీ నా ఎదురుగా ఉన్నవి రెండే, ఆ బండీ, మా అత్తగారూ. బండి నోరెత్తదు. ఆవిడ ఊరుకోదు.

"నీ ఫోనే మింగేసింది నా కొడుకుని," అనేది.

మావారు ఏలూరు బేకరీలో తెల్లారగట్లే బ్రెడ్డు, బన్నులు, రస్కులు ఎత్తుకుని దెందులూరు మీదుగా గుండుగొలను వెళ్ళి, అక్కణ్ణుంచి కొల్లేరు వైపు చేపల చెరువుల గట్ల మీద ఉన్న టీ కొట్ల దాకా వేసి వచ్చేవారు. దాన్నే లైను అంటారు. ఆ సాయంత్రం తిరిగొస్తూ గుండుగొలను దగ్గర హైవే మీద పడిపోయారు. వెనక లారీ ఆగలేకపోయింది. సరిగ్గా ఆ టైముకే నేను ఫోన్ చేశాను, వచ్చేటప్పుడు కొత్తిమీర కట్ట తెమ్మని. ఎత్తలేదు. మళ్ళీ చేస్తే ఎవరో ఎత్తారు. "ఫోను మోగుతుంటే జేబులో చెయ్యి పెట్టాడేమోనమ్మా," అన్నారట అక్కడ చేరిన జనం. ఏమో అన్నారు, అంతే. మా ఇంటికొచ్చేసరికి అది ఖాయమైపోయింది.

పరామర్శకి వచ్చిన ప్రతివాళ్ళకీ ఆవిడ ఇదే చెప్పేది, నేను పక్కనే టీ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉండగా. ఒళ్ళు మండిపోయేది నాకు. నా నోరేం చిన్నది కాదు, పెళ్ళికి ముందే వీధంతా పేరుంది. కానీ ఏమని అనను? నేను ఫోన్ చేసింది నిజం, ఆయన పడింది నిజం. ముందు మోగిందా, ముందు పడ్డారా, అది చెప్పాల్సిన మనిషి లేడు. నాలో నేనే అడుక్కునేదాన్ని. అడిగి అడిగి, ఆవిడ అంటున్నదే నిజమేమోనని నాకే అనిపించేది.

బేకరీ ఆయన మంచివాడు. "ఇద్దత్ అయ్యేదాకా లైను ఎవరికీ ఇవ్వనమ్మా, ఆ తర్వాత మాత్రం నన్ననొద్దు," అని కబురు పెట్టాడు. నేనే వేస్తానని చెప్పించాను. గేర్ల బండి నాకు మావారే నేర్పారు, పెళ్ళైన కొత్తలో, చెరువు గట్టు మీద, బురఖా అంచు చైనులో పడకుండా ముడి వేయించి. మా తమ్ముడు మాత్రం "అది అమ్మేసి స్కూటీ తీసుకో అక్కా," అంటాడు. ఎవడు కొంటాడ్రా, మనిషి పోయిన బండిని?

గడప దాటిన వారంలోనే మెకానిక్కుని పిలిపించి హ్యాండిలు, ముందు రాడ్లు సరిచేయించాను. అతను వెనక టైరు మీద అరచెయ్యి రాసి, "ఇది గుండులా ఉందమ్మా, ముందుది చూస్తున్నారుగా, రెండూ మార్చాల్సిందే," అన్నాడు. ఏలూరులో రెండు కొత్త టైర్ల ధర అడిగి నోరు మూసుకుని వచ్చేశాను. తాడేపల్లిగూడెంలో పాతవి కూడా అమ్మే కొట్టు ఉందని మా తమ్ముడు చెప్పాడు. సరే, ముందు చక్రం ఊడదీయించి, చిరిగిన టైరు దానికే ఉండగా గోనెపట్టాలో చుట్టుకుని బస్సెక్కాను.

కండక్టరు చూసి నవ్వాడు. "ఆడవాళ్ళకి ఫ్రీ అండీ, చక్రానికి కాదు."

"దాని ఆధార్ కార్డు ఇంట్లో మర్చిపోయానండీ," అన్నాను. బస్సులో ఎవరో పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, అన్నాళ్ళ తర్వాత. వెంటనే ఛీ అనిపించింది. పెంటపాడు వెళ్ళే ఒకావిడ నా పక్కనే కూర్చుని, "ఇదేంటమ్మా, మీ ఇంట్లో మగాళ్ళు లేరా?" అంది. లేరన్నాను. ఆవిడ కాస్త జరిగి చక్రానికి చోటిచ్చింది.

కొట్టాయన పెద్దాయన, నెమ్మదస్థుడు. చెప్పండమ్మా అన్నాడు. రెండు టైర్లు కావాలి, నా దగ్గర ఉన్నది ఇంతే అని ముందే చెప్పేశాను. మూడు దార్లు చూపించాడు. వాడిన టైర్లు రెండు, ఇంకొన్నాళ్ళు తిరుగుతాయి. లేదా రీబటన్, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించినవి, పైకి నిగనిగలాడుతుంటాయి. లేదా ముందుకి ఒక్కటే కొత్తది వేసుకుని, వెనకది అరిగినదాంతోనే కొన్నాళ్ళు లాగడం. నేను రెండు పాతవే అన్నాను. ఒకటి మంచిదీ ఒకటి చెడ్డదీ వేసుకుని తిరగడం నాకు నచ్చలేదు.

"ముందు ఆ పాతది విప్పమంటాను," అని చక్రం లోపలికి పంపించాడు. పనివాడు ఇనప పట్టీలు పెట్టి టైరు ఊడబెరికాడు. లోపల్నుంచి ఏదో నల్లగా జారి కింద పడింది. అరచెయ్యంత టైరు ముక్క. పెద్దాయన దాన్ని తిప్పి చూశాడు, టైరు పక్క చీలికలో వేలు పెట్టి చూశాడు.

"ఇది ఎవరు పెట్టారండీ? పక్కన కోసుకుపోతే ట్యూబు బయటికి రాకుండా లోపల ముక్క అడ్డం పెట్టారు. ముందు టైరుకి ఎవరైనా పెడతారా ఇలా? చీలిక అంచు చూడండి, రాసుకుని రాసుకుని నున్నబడిపోయింది. పాత కోత ఇది. ముక్క పక్కకి జరిగింది, ట్యూబు పేలింది."

ఆ ముక్క తీసుకుని చూశాను. అంచులు వంకరటింకరగా, కొరికినట్టు ఉన్నాయి. నా బట్టల కత్తెర గుర్తొచ్చింది. ఆ వేసవిలో ఓ రోజు జాకెట్టు గుడ్డ కత్తిరించబోతే తెగదే! ఎవరు మొండి చేశారు దీన్ని అని ఇల్లెగిరిపోయేలా అరిచాను. "ఎలక కొరికిందేమో," అని నవ్వుతూ బయటికి వెళ్ళిపోయారు మావారు. టైరు మార్చుకోండి అంటే వచ్చే నెల, వచ్చే నెల అనేవారు. ఎంత మొండిమనిషండీ! ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాను. పెద్దాయన మంచినీళ్ళు తెప్పించాడు. ఏడుపు రాలేదు. గుండెల మీంచి బండ దించినట్టు అనిపించింది, ఆ మాట దాచుకోవడం దేనికి? నా ఫోను కాదు, నా ఫోను కాదు అని లోపల ఒకటే మోత.

లేచి వాడిన టైర్లన్నీ కిందికి దింపించాను. ఒక్కోదాన్లో చెయ్యి పెట్టి చుట్టూ తడిమాను. ఒకదాన్లో పీచు తగిలింది, ఒకదాన్లో చిన్న గుంట, ఒకదాన్లో మేకు గుచ్చుకున్న చోటు. పెద్దాయనకి విసుగొచ్చింది. "ఏవండీ, బెండకాయలు ఏరినట్టు ఏరుతున్నారు."

"బెండకాయ పుచ్చితే కూరే పోతుందండీ," అన్నాను.

ఏదీ నాకు మనసొప్పలేదు. చివరికి ముందుకి కొత్తదే వేయించాను, ఉన్నదంతా దానికే సరిపోయింది. వెనకది పేలితే బండి ఊగుద్ది, ఎలాగో ఆపుకోవచ్చు, ముందుది పేలితే మీ చేతుల్లో ఏం ఉండదమ్మా అన్నాడాయన. చిరిగిన టైరూ ఆ ముక్కా నాకే ఇచ్చెయ్యమన్నాను. ఏం చేసుకుంటారండీ అన్నాడు. పని ఉందన్నాను.

తిరుగు బస్సులో దారిపొడవునా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఇంటికి వెళ్ళగానే ఏమనాలి, ఎంత గట్టిగా అనాలి, పరామర్శకి వచ్చినవాళ్ళందరినీ మళ్ళీ పిలిచి ఎలా చూపించాలి అని. గుండుగొలను దగ్గర మాత్రం కళ్ళు మూసుకున్నాను.

ఇంటికొచ్చేసరికి మా అత్తగారు నమాజు చేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. టైరు ఆవిడ కాళ్ళ దగ్గర పడేశాను. ఆవిడకి చూపు సరిగా ఆనదు. చెయ్యి పట్టుకుని ఆ చీలికలో పెట్టాను.

"ఇది పేలింది అమ్మీ. అందుకే పడ్డారు. నా ఫోను కాదు. ఇదిగో, పేలకుండా లోపల ముక్క పెట్టుకుని తిరిగారు. మీ అబ్బాయే నా కత్తెరతో కోసి పెట్టుకున్నాడు."

ఆవిడ ముక్కని రెండు చేతులతో తడిమింది. చాలాసేపు తడిమింది.

"అయితే వాడికి తెలుసా?"

"తెలుసు."

"తెలిసే ఎక్కేవాడా రోజూ?"

బస్సులో కూర్చుకొచ్చిన మాటలు పక్కన పెట్టి, ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడ్డాను.

"ఇప్పుడు పేలుద్దో, ఇంకాసేపటికి పేలుద్దో అని గుండె చేత్తో పట్టుకుని తిరిగేవాడా నా బిడ్డ? ఇంటికొచ్చి మన ముందు కూర్చుని నవ్వుతూ అన్నం తినేవాడు కదే. ఒక్క రోజన్నా చెప్పలేదు కదే." నా మణికట్టు పట్టుకుంది. "వద్దు బేటీ. నీ ఫోనే అయ్యుండనీ. మోగింది, పడ్డాడు, అయిపోయింది. వాడికేం తెలీదు. అలాగే ఉండనీ. దాంతో ఎలాగో బతుకుతాను. దీంతో నా వల్ల కాదు."

ఎంత మాట అడిగిందో చూడండి. అన్ని నెలలు నన్ను కాల్చుకు తిన్న మాటని మళ్ళీ నన్నే నెత్తిన పెట్టుకోమంటోంది. కోపం రావాలి నాకు. ఎక్కడుందో వెతుక్కున్నాను, దొరకలేదు. ఆవిడ వేళ్ళకున్న టైరు మసి నా చేతికీ అంటుకుంది.

"సరే అమ్మీ, నా ఫోనే," అన్నాను.