విశ్వం గారి జోస్యాలు

విశ్వం గారి ఎడమ కంటి చూపు పోగొట్టింది నేను. ఇన్నేళ్లుగా ఈ ఒక్క మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. నా భార్యకు చెప్పలేదు. గుళ్లో కళ్లు మూసుకున్నప్పుడు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

మేము డాలస్ పక్కన కాపెల్‌లో ఉంటాం. విశ్వం గారిదీ మా వీధే. మాకంటే చాలా ముందు ఈ దేశం వచ్చిన మనిషి. రిటైరయ్యాక పిల్లల బేస్‌బాల్ ఆటలకు అంపైర్‌గా ఉండేవారు. ఆ ఆటంటే ఆయనకు పిచ్చి. ఎవరింట్లో భోజనాలకు కలిసినా ప్లేటు చేత్తో పట్టుకునే జోస్యాలు మొదలుపెట్టేవారు. బంతి విసిరేవాడు మరీ సాగదీస్తున్నాడు, గడియారం పెట్టి తొందరపెడతారు చూడండి అనేవారు. తప్పొప్పులు చెప్పడానికి మెషీన్ వస్తుంది, నాలాంటివాళ్లకు పని పోతుంది అనేవారు. మేమంతా నవ్వేవాళ్లం. పదేళ్లలో ఇక్కడ క్రికెట్టే మిగులుతుంది, మీ ఆట గోవిందా అని నేను ఏడిపించేవాణ్ణి. ఆయన చెప్పిన గడియారం వచ్చింది, మెషీనూ వచ్చింది. గోవిందా అయింది నా జోస్యమే.

నేను ఇంకో జోస్యం కూడా చెప్పాను. అప్పటికి మావాడు ఆదిత్యకు పన్నెండేళ్లు. ఊళ్లో మేటి పిల్లలను ఏరి తయారుచేసే జట్టులో వాడికి చోటు ఖాయమని ఆఫీసులో, చుట్టాల్లో, ఎక్కడ పడితే అక్కడ డప్పు కొట్టుకున్నాను. జట్టును ఎంపిక చేసేవాళ్లు చూడడానికి వచ్చిన ఆట అది. మావాడు బ్యాట్ పట్టుకుని నిలబడ్డాడు. కొట్టదగ్గ బంతిని వదిలేస్తే స్ట్రైక్, మూడు స్ట్రైకులైతే అవుట్. అప్పటికే రెండు అయ్యాయి. బంతి వచ్చింది. వాడు బ్యాట్ కదపలేదు. వెనక నిలబడ్డ విశ్వం గారు చెయ్యి విసిరి స్ట్రైక్ అన్నారు. వాడు అవుట్, మా జట్టు ఓటమి, ఎంపిక లేదు.

మా కోచ్ బ్రాడ్ నోటికొచ్చినట్టు తిట్టాడు. నిన్ను వదలనని అందరి ముందూ విశ్వం గారికి వేలు చూపించాడు. నేను మాత్రం ఒక్క మాటా అనలేదు. నేనూ అరిచి ఉంటే ఆ కోపం అక్కడే పోయేదేమో. లోపల ఉడికిపోయాను. మనవాడై ఉండి మన పిల్లాడికే ఇలా చేస్తాడా? అప్పుడు నాకు తోచిన న్యాయం అదీ, ఛీ.

పిల్లాణ్ణి తీసుకుని నా భార్య తన కారులో వెళ్లిపోయింది. వాడి బ్యాట్ నా చేతిలో ఉంది. పార్కింగ్ చివర విశ్వం గారు డిక్కీ ఎత్తి, వంగి, కాళ్ల ప్యాడ్లు విప్పుకుంటున్నారు. వెనక నుంచి వెళ్లి భుజం మీద కొట్టాను. ఆయన డిక్కీలోకి తూలి ‘అమ్మా’ అన్నారు. ఆ మాట వింటే ఎవడైనా ఆగుతాడు కదా? నేనెందుకు ఆగలేదు? రెండో దెబ్బ తల పక్కన, కంటికి తగిలేట్టు కొట్టాను. ఎముక విరగడం నా అరచేతులకు తెలిసింది. ఆయన జారి కింద పడ్డారు. మూడోసారి కూడా ఎత్తాను. ఆయన కదలడం లేదని చూసి దించాను. ముఖం నిండా నెత్తురు. పరుగెత్తి, బ్యాట్‌ని పార్కు వెనక వాగులో పారేసి, ఇంటికెళ్లి చేతులు కడుక్కుని పిల్లాడి పక్కన కూర్చుని అన్నం తిన్నాను. బాగా ఆకలేసింది. అదేం ఆకలో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బ్రాడ్ అటువైపు వెళ్లడం చూశావా అని పోలీసులు అడిగారు. చూశానన్నాను. కోర్టులోనూ అదే చెప్పాను. బ్రాడ్ జైలుకెళ్లాడు. వాడు బయటికొచ్చేసరికి వాడి భార్య పిల్లలను తీసుకుని ఊరు విడిచి వెళ్లిపోయింది. విశ్వం అంకుల్ లేని ఆట తనకొద్దని మావాడు బ్యాట్ ముట్టుకోవడం మానేశాడు.

ఈమధ్య విశ్వం గారు టీవీలో ఆట చూద్దాం రమ్మంటే వెళ్లాను. అంపైర్ మాట నచ్చక ఒక ఆటగాడు హెల్మెట్ తట్టాడు, అంటే మెషీన్‌ని అడగమని. తెర మీద బంతి దారి చూపించారు. అంపైర్ తన మాట మార్చుకున్నాడు. ఎవరూ గొడవ చేయలేదు.

“చూశావా, నేను చెప్పలేదూ?” అన్నారు విశ్వం గారు, మంచి కన్ను టీవీ వైపు తిప్పుకుని.

“చెప్పారండీ.”

“ఈ మెషీనేదో అప్పుడే వచ్చుంటే నా కన్ను మిగిలేది బాబూ. ఆ బ్రాడ్ లైఫ్ కూడా స్పాయిల్ అయ్యేది కాదు.”

నేను ఆయన ఇచ్చిన కాఫీ కప్పు అందుకున్నాను.

“నువ్వు విట్‌నెస్ చెప్పకపోతే వాడు దొరికేవాడా? అంతమందిలో నువ్వొక్కడివే నాకోసం నిలబడ్డావు.”

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. అప్పుడైనా చెప్పవచ్చు. నోరు తెరిచాను కూడా. కాఫీ బాగుందండీ అన్నాను. ఎందుకింత పిరికివాణ్ణి? జైలుకు భయపడా, లేక ఆయన ఆ చెయ్యి వదిలేస్తారనా? నాకే తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు, అందుకు మీరెవరు?

విశ్వం గారి జోస్యాల్లో అదొక్కటే తప్పు. మెషీన్ ఉన్నా ఆయన కన్ను మిగిలేది కాదు. ఆ రోజు నేను అంపైర్ వెనక కట్టిన వల అవతల, సరిగ్గా బంతి వచ్చే వరసలోనే నిలబడి ఉన్నాను, బంతి వెళ్లడం నా కళ్లతో చూశాను. అది స్ట్రైకే. ఆయన చెప్పింది నిజమని తెలిసే కొట్టాను. కొట్టింది బ్రాడ్ కాదు, నేను. ఈ మాట రాయగానే ఊపిరాడింది, సిగ్గులేకుండా.