మచ్చలేని రవ్వ

చిలకలపూడిలో గిల్టు నగలకు రాళ్లు పొదిగే నాగభూషణాచారి ప్రతి గాజురాయినీ పట్టకారుతో ఎత్తి, కిటికీ వెలుగుకు తిప్పి చూసిగాని వాడడు. లోపల బుడగ కనిపిస్తే పక్కన పెట్టేస్తాడు. "అర్ధరూపాయి రాయికి అంత పరీక్షేంటండీ" అని భార్య కామాక్షమ్మ నవ్వితే, "పెట్టుకునే పిల్ల ముచ్చట అర్ధరూపాయిదా?" అంటాడు. ముప్పై ఏళ్లుగా గిల్టే పెట్టుకున్న ఆమెకు ఒక్క నిజమైన వజ్రపు ముక్కుపుడక చేయించాలని ఆయన కోరిక. బావా అని పిలుచుకునే స్నేహితుడు, గుడివాడ రాళ్ల వ్యాపారి పాండురంగం ఒకరోజు వజ్రాలేనంటూ రెండు రవ్వలు తెచ్చాడు. భూతద్దంలో ఒకదాని లోపల సూదిమొనంత నల్లమచ్చ కనిపించింది. రెండోది తేటనీళ్లలా ఉంది. "మచ్చది మా ఆవిడకొద్దు బావా" అన్నాడు ఆచారి. "నీ కన్నుకి తిరుగేముంది" అంటూ పాండురంగం మచ్చదాన్ని పొట్లం కట్టేసుకుని, వజ్రం ధర పుచ్చుకుని రెండోది ఇచ్చి వెళ్లాడు.

ఏడాది తర్వాత, ఆ రాయితో చేసిన పుడకకు జతగా దుద్దులు చూద్దామని ఆచారి దాన్ని బెజవాడ తీసుకెళ్లాడు. కొట్లో పెద్దాయన, "ఇది అమెరికన్ డైమండండీ, వజ్రంలా మెరిసే నకిలీ రాయి. అసలు వజ్రాల్లో చాలావాటికి పుట్టుకతోనే ఏదో ఒక మచ్చ ఉంటుంది. దానివల్ల ధర తగ్గుతుందిగాని వజ్రం కాకుండా పోదు" అని మెల్లగా చెప్పాడు. ఆ మాట ఆచారి ఇంట్లో చెప్పలేదు. దసరాకు పాండురంగం వస్తే కామాక్షమ్మ బూరెలు పెట్టి, "అంతా మీ చలవే అన్నయ్యగారూ" అంటూ పుడక తడుముకుంది. ఆచారి పనిలోంచి తలెత్తకుండా, "ఆ మచ్చ రాయి ఎవరికిచ్చావు బావా?" అని మాత్రం అడిగాడు. బూరె తింటున్న పాండురంగం ఒక్కసారిగా దగ్గాడు. పొలమారిందనుకుని కామాక్షమ్మ గబగబా మంచినీళ్లు తెచ్చి, అతని తలమీద మెల్లగా తట్టింది.